హోదాకు 25 ఏళ్లు: టెక్నాలజీ యూనివర్సిటీ వేడుకకు ఏ తేదీ పట్టుకోవాలి, ప్రదర్శనలో ఏం పెట్టాలి?

ఉత్సవ_కమిటీ (ప్రశ్న)

మాది ముందు ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన సంస్థ. చాలా ఏళ్లు వేరే విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచి, తర్వాత సొంతంగా విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. ఆ హోదాకు 25 ఏళ్లు. చేతిలో ఎనిమిది నెలలున్నాయి. రెండు విషయాల్లో తెలిసినవాళ్ల సలహా కావాలి.

మొదటిది తేదీ. ఫైళ్లలో నాలుగు తేదీలున్నాయి: ఉత్తర్వు మీద ఒకటి, గెజిట్‌లో అచ్చైనది ఒకటి, అమల్లోకి వచ్చినది ఒకటి, ప్రారంభోత్సవ శిలాఫలకం మీద మరొకటి. కాలేజీ పుట్టిన ఏడాది నుంచే లెక్కేసి పెద్ద సంఖ్య చెప్పుకుందామనేవాళ్లూ ఉన్నారు.

రెండోది ప్రదర్శన. రెండు పెద్ద గదులు ఇచ్చారు. మొదటి భవనాల నీలిరంగు డ్రాయింగులు, నలుపు తెలుపు ఫొటోలు, నెగెటివ్‌లు, హీట్ ఇంజిన్స్ ల్యాబ్‌లోని చిన్న ఆవిరి యంత్రం, వాల్వులతో (గాజు వాక్యూం ట్యూబులతో) పనిచేసే ఆసిలోస్కోప్ (విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పరికరం) ఉన్నాయి. వీటిని పాడుచేయకుండా ఎలా చూపించాలి? యంత్రాన్ని తిప్పి చూపించవచ్చా?

---

గెజిట్_పేజీ

అమల్లోకి వచ్చిన తేదీ పట్టుకోండి. మిగతా మూడూ చరిత్రలో భాగమే, వాటిని కాలరేఖలో చూపండి. వేడుక మాత్రం ఆ ఒక్క రోజుకే చేయాలి. ఎందుకంటే హోదా అంటే పట్టా ఇచ్చే హక్కు. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్) చట్టం 1956లోని 22వ సెక్షన్ ప్రకారం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయమో, 3వ సెక్షన్ కింద విశ్వవిద్యాలయంగా పరిగణించిన సంస్థో, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థో తప్ప ఇంకెవరూ డిగ్రీ ఇవ్వకూడదు. ఆ హక్కు చేతికొచ్చిన రోజే మీ రోజు.

దాన్ని పట్టుకునే పద్ధతి ఇది. ముందు మీ హోదా ఏ దారిలో వచ్చిందో తేల్చుకోండి. చట్టం ద్వారా వస్తే మొదటి సెక్షన్ చదవండి. 'ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి అమల్లోకి వస్తుంది' అని ఉంటే ఇంకో నోటిఫికేషన్ ఉన్నట్టే, దాన్నీ వెతకాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: చట్టం ఆమోదం పొందిన తేదీ దొరకగానే ఆగిపోతారు. ఎన్‌ఐటీల చట్టమే చూడండి. అది 2007లో చేసిన చట్టం, అమల్లోకి వచ్చింది ఆ ఏడాది ఆగస్టు 15న. 3వ సెక్షన్ నోటిఫికేషన్ ద్వారా వస్తే అది గెజిట్‌లో అచ్చైన తేదీతో పాటు, లోపలి పేరాల్లో 'ఫలానా తేదీ నుంచి వర్తిస్తుంది' అనే మాట ఉందేమో చూడాలి. గెజిట్ పేజీ మొత్తాన్ని, పార్టు, సెక్షను, సంచిక నంబరు కనిపించేలా స్కాన్ చేయించండి. పేరా ఒక్కటే కత్తిరించి పెట్టుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు రుజువు ఉండదు.

కాలేజీ వయసు, హోదా వయసు ఒకే బ్యానర్ మీద కలిపేయకండి. రెండూ గొప్పవే, కానీ రెండూ వేరు. హెల్సింకీలోని సాంకేతిక పాఠశాల 1849లో మొదలైంది, విశ్వవిద్యాలయ స్థాయి వచ్చింది 1908లో. డెల్ఫ్ట్‌ది 1842లో పుట్టుక, 1905లో ఉన్నత విద్యాసంస్థ స్థాయి, 1986లో టెక్నాలజీ యూనివర్సిటీ అనే పేరు. రూర్కీ కాలేజీ 1847 నాటిది, 1949లో విశ్వవిద్యాలయమైంది, 2001లో ఐఐటీ అయింది. మన దగ్గర వరంగల్ ఆర్‌ఈసీ (ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీ) 1959లో మొదలై, 2002లో డీమ్డ్ హోదాతో (పైన చెప్పిన 3వ సెక్షన్ కిందిది) ఎన్‌ఐటీ అయింది. జేఎన్‌టీయూ 1972 అక్టోబరు 2న ఏర్పడేనాటికే అందులో చేరిన అనంతపురం, కాకినాడ కాలేజీలకు పాతికేళ్లు దాటాయి, అవి 1946 నాటివి. 2008లో జేఎన్‌టీయూను విడదీశాక కాకినాడ, అనంతపురం వర్సిటీలకు మళ్లీ కొత్త లెక్క మొదలైంది. అక్కడ కాలేజీ శతాబ్దికీ, వర్సిటీ రజతోత్సవానికీ ఎప్పటికీ ఒకే సంఖ్య రాదు, రానక్కర్లేదు.

వీటన్నిటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బెర్లిన్ ఉదాహరణ. 1799లో పుట్టిన అక్కడి నిర్మాణ అకాడమీ, తర్వాత మరో సంస్థతో కలిసి 1879లో షార్లొటెన్‌బుర్గ్ సాంకేతిక కళాశాల అయింది. 1899లో శతవార్షికోత్సవం జరుపుకుంటున్నప్పుడే చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ దానికి డాక్టరేటు ఇచ్చే హక్కు ప్రకటించాడు. పాత విశ్వవిద్యాలయాలకు అది గిట్టలేదు. అందుకే కొత్త పట్టా పేరు లాటిన్‌లో కాకుండా జర్మన్‌లోనే ఉండాలన్నారు. ఇప్పటికీ జర్మనీలో ఇంజినీరు డాక్టరేటుకు మధ్యలో అడ్డగీతతో 'డాక్టర్-ఇంజినీర్' అని రాసేది అందుకే. హోదా అనేది ఉత్త బోర్డు మార్పు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

---

పదం_పట్టింపు

పైవారి మాటకు ఒక చేర్పు. '25' అనే ముందు నిండాయా, నడుస్తోందా అన్నది తేల్చండి. 24 నిండిన రోజునే 25వ ఏడు మొదలవుతుంది. రజతోత్సవ సంవత్సరం అని ఏడాది పొడవునా చేయదలిస్తే 24 నిండిన రోజున మొదలుపెట్టి 25 నిండిన రోజున ముగించండి, లేదా 25 నిండిన రోజున మొదలుపెట్టి ఆపై ఏడాది నడపండి. రెండూ వాడుకలో ఉన్నాయి. ఏదో ఒకటి మొదటి సర్క్యులర్‌లోనే రాసిపెట్టండి. ఆహ్వానపత్రంలో ఒకటి, జ్ఞాపికల మీద ఒకటి వస్తే అచ్చంతా వృథా.

ఇంకోటి. 25వ స్నాతకోత్సవం, 25వ వార్షికోత్సవం ఒకటి కావు. హోదా వచ్చాక మొదటి బ్యాచ్ బయటికి వచ్చేదాకా స్నాతకోత్సవం ఉండకపోవచ్చు, మధ్యలో కొన్నేళ్లు జరగకపోయి ఉండవచ్చు, రెండేళ్లవి కలిపి చేసి ఉండవచ్చు. శిలాఫలకం మీద 'స్థాపించి 25 ఏళ్లు' అని చెక్కించకండి, 'విశ్వవిద్యాలయ హోదా పొంది 25 ఏళ్లు' అని పూర్తిగా చెక్కించండి. రెండు మాటలు ఎక్కువైనా రాయి అబద్ధం చెప్పదు.

---

నీలిపటం

కాగితాల సంగతి నేను చెబుతాను. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా సున్నితమైనవి ఆ నీలిరంగు డ్రాయింగులే.

ముందు అవి నిజంగా బ్లూప్రింట్లేనా చూడండి. నీలం నేల మీద తెల్ల గీతలుంటే బ్లూప్రింట్. తెల్లటి లేదా పాలిపోయిన నేల మీద నీలం, ఊదా గీతలుంటే అది అమోనియా ప్రింటు, అంటే డయాజో. రెండూ ఒకే గొట్టంలో చుట్టి ఉంటే ఇవాళే విడదీయండి. డయాజో కాగితం నుంచి వెలువడే రసాయనాలు పక్కనున్న వాటిని పాడుచేస్తాయి.

బ్లూప్రింట్ విషయంలో తెలిసినవాళ్లు కూడా చేసే పొరపాటు ఒకటుంది. పాత కాగితానికి మంచిదని క్షారం కలిపిన ఆమ్లరహిత కాగితంలో పెడతారు. మిగతా కాగితాలకు అది మంచిదే. బ్లూప్రింట్‌కు మాత్రం విషం: ఆ నీలం ప్రషియన్ బ్లూ, క్షారం తగిలితే విరిగిపోయి గోధుమరంగులోకి, పసుపులోకి దిగిపోతుంది. కాబట్టి వాటికి క్షారం కలపని తటస్థ కాగితమే వాడాలి. కొనేటప్పుడు 'అన్‌బఫర్డ్' అని అడగండి.

వెలుతురుకూ బ్లూప్రింట్ పాలిపోతుంది. చీకట్లో గాలి తగిలేలా కొన్నాళ్లు ఉంచితే కొంత రంగు తిరిగి వస్తుంది, కానీ పూర్తిగా రాదు. ప్రదర్శనలో కాగితం మీద 50 లక్స్ (వెలుతురు కొలమానం) మించకూడదు. ఫోన్ యాప్ కొలతను నమ్మకుండా లక్స్ మీటరు తెప్పించండి, మీ సివిల్ లేదా ఎలక్ట్రికల్ విభాగంలో తప్పకుండా ఉంటుంది. వెలుతురు చేసే నష్టం కూడబడుతూ పోతుంది: 50 లక్స్‌లో రోజుకు 8 గంటల చొప్పున 80 రోజులుంచితే 32,000 లక్స్ గంటలు. అదే 500 లక్స్ ట్యూబులైట్ల కింద పెడితే 8 రోజుల్లోనే అంత నష్టం జరిగిపోతుంది. మామూలు తరగతి గది వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. గదిలో కిటికీలు మూసి, ఎల్‌ఈడీలను గోడకు తిప్పి, ఆ వెనక్కి కొట్టిన వెలుతురులో చూపించండి. కళ్లు అలవాటుపడటానికి ప్రవేశం దగ్గర నాలుగడుగుల నడవా కాస్త మసకగా ఉంచితే చాలు, లోపల 50 లక్స్ కూడా సరిపోతుంది.

నిజానికి నా సలహా, అసలు డ్రాయింగులు ఒకటి రెండు మాత్రమే పెట్టి, మిగతావి స్కాన్ చేసి అచ్చు వేయించి పెట్టండి. అచ్చు ప్రతి పక్కన 'ఇది నకలు' అని రాయండి. స్కానింగుకు కొలతలివి: డ్రాయింగులకు 400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు), ఫొటో ప్రింట్లకు 600 డీపీఐ, 35 మి.మీ. నెగెటివ్‌లకు 3,000 డీపీఐకి తగ్గకుండా. మూలప్రతి టిఫ్ ఫైలుగా దాచండి, పంచుకోవడానికి జేపెగ్. ఏ0 సైజు డ్రాయింగు ఒకటి 400 డీపీఐ రంగుల్లో స్కాన్ చేస్తే సుమారు 740 ఎంబీ వస్తుంది. 200 డ్రాయింగులుంటే 150 జీబీ దాకా. కాబట్టి హార్డ్ డిస్కులు ముందే లెక్కేసి రెండు తీసుకోండి. ఒకటి లైబ్రరీలో, ఒకటి వేరే భవనంలో. మూడో ప్రతి సంస్థ సర్వర్‌లో.

ఫైలు పేర్లు స్కానింగ్ మొదలుపెట్టకముందే ఖరారు చేయండి. భవనం, ఏడాది, షీటు నంబరు, ఈ మూడూ పేరులో ఉంటే చాలు. 'స్కాన్ 001'తో మొదలైన పని మూడో నెలకల్లా ఎవరికీ అర్థం కాకుండా పోతుంది.

చేయకూడనివి: లామినేషన్ అస్సలు వద్దు, అది మళ్లీ ఊడదు. సెల్లోటేపు వద్దు, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది. పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్ కవర్లు, పాలిస్టర్ మూలలు వాడండి. చుట్టలు చుట్టి బిగుసుకున్న షీట్లను బలవంతంగా విప్పితే మడత దగ్గరే చీలుతాయి. నేలపై పరిచి, అంచుల మీద గుడ్డలో చుట్టిన బరువులు పెట్టి, రోజుకు కొంచెం చొప్పున తెరవండి. పలచని నూలుబట్ట మీద గీసిన ట్రేసింగులుంటే వాటి మీద చుక్క నీరు పడకూడదు, అందులోని గంజి కరిగి మరక కడుతుంది.

నెగెటివ్‌ల డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ ఫిల్ము కుళ్లుతోందని గుర్తు. దాన్ని ముందు స్కాన్ చేసి, మిగతావాటికి దూరంగా ఉంచండి. 1950లకు ముందు ఫిల్ము అయితే నైట్రేట్ కావచ్చు, అది పెట్రోలులా అంటుకుంటుంది. అంచు మీద 'సేఫ్టీ' అనే మాట లేని పాత ఫిల్మును వేడి దీపాల దగ్గరికి తీసుకెళ్లకండి.

---

లేత్_షెడ్డు

ఆవిరి యంత్రాన్ని తిప్పి చూపించవచ్చు. ఆవిరితో మాత్రం వద్దు. పాత బాయిలర్‌ను బాయిలర్ ఇన్‌స్పెక్టర్ పరీక్షించి పత్రం ఇవ్వకుండా వెలిగించడం నేరం, పైగా ప్రాణాంతకం. లోపలి గోడ ఎంత పలచబడిందో బయటినుంచి కనపడదు.

దానికన్నా ముందు ఒక హెచ్చరిక. సిలిండరు మీద, పైపుల మీద బూడిదరంగు తెలుపులో పీచుపీచుగా ఉండే పూత ఉందా? అది ఆస్బెస్టాస్ కావచ్చు. శుభ్రం చేద్దామని గీకారో ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ముట్టుకోకుండా, లైసెన్సున్న వాళ్లను పిలిపించి తీయించండి. యంత్రం పక్కన పాదరసపు మానోమీటరు (ఒత్తిడి కొలిచే గొట్టం) ఉంటే దాని సంగతీ అంతే: విప్పకండి, కింద పళ్లెం పెట్టి అద్దాల పెట్టెలో ఉంచండి. చీకట్లో మెరిసే ముళ్లున్న పాత మీటరు ఉంటే రేడియం పూత కావచ్చు, దాని అద్దం తీయకండి.

ఇప్పుడు తిప్పే పని. సిలిండరు డ్రెయిన్ కాక్‌లు (లోపలి నీరు వదిలే కుళాయిలు) రెండు చివర్లా తెరవండి. ఇండికేటర్ (లోపలి ఒత్తిడి కొలిచే పరికరం) బిగించే రంధ్రాల్లోంచి పలచని నూనె పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత ఫ్లైవీలును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒకచోట ఆగిందా, బలం ఉపయోగించకండి. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటాయి, బలంగా తిప్పితే రింగు విరిగి సిలిండరు గోడ గీసుకుపోతుంది. మళ్లీ నూనె పోసి ఇంకో వారం ఆగండి.

స్వేచ్ఛగా తిరిగాక రెండు దారులు. ఒకటి కంప్రెస్డ్ గాలి, 1 నుంచి 2 బార్ చాలు. గాలి వ్యాకోచించినప్పుడు చల్లబడి లోపల తేమ కడుతుంది, ప్రదర్శన అయ్యాక అలాగే వదిలేస్తే వారంలో తుప్పు. రోజూ ఆపే ముందు నూనె పెట్టి నాలుగు చుట్లు తిప్పాలి. ఆవిరికి వాడే చిక్కటి సిలిండరు ఆయిలు ఇక్కడ పనికిరాదు, చల్లటి గాలికి అది మైనంలా బిగుస్తుంది. పలచని మెషీన్ ఆయిల్ వాడండి.

రెండోది నాకు నచ్చేది: గేరు మోటారు, బెల్టు. ఫ్లైవీలు నిమిషానికి 15 నుంచి 20 చుట్లు తిరిగితే చాలు. ఆ వేగంలోనే స్లైడ్ వాల్వు (ఆవిరిని సిలిండరులోకి వదిలే జారుడు మూత) ఎప్పుడు తెరుచుకుంటోందో, పిస్టన్‌కు ముందుగా అది ఎలా కదులుతోందో పిల్లలకు కూడా కంటికి అందుతుంది. వేగం పెరిగితే అది ఉత్త తిరుగుడు. బెల్టు కాస్త వదులుగా ఉంచండి, ఎక్కడైనా పట్టేస్తే బెల్టు జారుతుందే తప్ప యంత్రం విరగదు. డ్రెయిన్ కాక్‌లు తెరిచే ఉంచండి, లేకపోతే లోపల గాలి నొక్కుకుని మోటారు మీద బరువు పడుతుంది. చుట్టూ మీటరు దూరంలో కంచె, అందరికీ కనిపించేచోట ఎర్ర ఆపు బటన్ తప్పనిసరి. చీర కొంగులు, చున్నీలు బెల్టు దగ్గరికి రాకుండా ఆపేది ఆ కంచే.

ఆసిలోస్కోప్ విషయంలో ఆశ పెట్టుకోకండి. దశాబ్దాలు పడి ఉన్న దాన్ని నేరుగా ప్లగ్గులో పెడితే ఎండిపోయిన ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు పేలతాయి, వాటితో ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోతుంది. వేరియాక్‌తో (ఓల్టేజీని కావలసినంత తిప్పుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో) నెమ్మదిగా ఓల్టేజీ పెంచితే చాలంటారు, కానీ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) కూడా వాల్వే అయితే ఆ చిట్కా పనిచేయదు: దాని ఫిలమెంటు వేడెక్కేదాకా కరెంటు వదలదు, వదిలేసరికి ఓల్టేజీ సగం దాటి ఉంటుంది. కెపాసిటర్లను విప్పి, విడిగా నిరోధకం ద్వారా మెల్లగా చార్జి చేసి లీకేజీ కొలవాలి, లేదా కొత్తవి వేయాలి. పిక్చర్ ట్యూబు యానోడ్ మీద వేల ఓల్టులుంటాయి, ఆపాక కూడా నిలిచి ఉంటాయి. ఈ పని తెలిసినవాళ్లు లేకపోతే ప్లగ్గు వైరు కత్తిరించి, పక్కన కొత్త స్కోపులో అదే సైను తరంగాన్ని చూపించండి. జనం రెండింటి మధ్య తేడా వాళ్లంతట వాళ్లే చూస్తారు.

జనాన్ని నిలబెట్టేది మాత్రం ఈ రెండూ కావు, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్‌లోని యూటీఎం (లోహాన్ని లాగి బలం కొలిచే యంత్రం). 10 మి.మీ. మెత్తని ఇనుప కడ్డీని అందరి ముందు లాగి తెంచండి. 20 కిలోన్యూటన్ల దగ్గర, అంటే దాదాపు రెండు టన్నుల బరువుకు, బరువు చూపే ముల్లు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఇనుము లొంగిపోయేది అక్కడే. మళ్లీ పెరిగి 32, 35 దాకా వెళ్తుంది. ఆ తర్వాత నడుము సన్నబడటం కంటికి కనిపిస్తుంది, మీద అంటుకున్న పొలుసు రాలుతుంది, ఠప్పుమని తెగుతుంది. తెగిన ముక్కలో ఒకవైపు గిన్నె, ఒకవైపు శంఖువు. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ముందు పాలికార్బొనేట్ తెర పెట్టండి.

---

పట్టా_రెండు

ఒక్క అద్దాల పెట్టె నా కోసం అడుగుతాను. హోదాకు ముందు చివరి బ్యాచ్ పట్టా ఒకటి, తర్వాతి మొదటి బ్యాచ్ పట్టా ఒకటి, పక్కపక్కన పెట్టండి. కోర్సు అదే, గదులవే, పాఠం చెప్పినవాళ్లూ దాదాపు వాళ్లే. పైన పేరు మాత్రం వేరు. వరంగల్‌లోనైతే మొదటిదాని మీద కాకతీయ విశ్వవిద్యాలయం, రెండోదాని మీద ఎన్‌ఐటీ. 25 ఏళ్ల క్రితం మారింది ఏమిటో చెప్పడానికి వేరే బోర్డు అక్కర్లేదు. దీన్ని మొదటి గదిలో, తలుపు ఎదురుగా పెట్టాలి.

పట్టాలు ఇచ్చినవారి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి, హాల్‌టికెట్ నంబరు మీద తటస్థ కాగితపు ముక్క కప్పండి. అసలువి వేడుక నాలుగు రోజులే పెట్టి తిరిగి ఇచ్చేయండి. శాశ్వతంగా ఉండాల్సింది నకలే.

---

ఉత్సవ_కమిటీ

అందరికీ కృతజ్ఞతలండీ. చట్టం మొదటి సెక్షన్‌లో నిజంగానే ఇంకో నోటిఫికేషన్ ప్రస్తావన ఉంది, దాని కోసం రాశాం. పట్టాల పెట్టె తలుపు ఎదురుగానే వస్తుంది. లేత్ షెడ్డు గారూ, యూటీఎం ప్రదర్శన మూడు రోజులు, రోజుకు ఆరుసార్లు అనుకుంటున్నాం. కడ్డీ ఎంత తెప్పించాలి? షాపులో మెరిసే నునుపు కడ్డీలున్నాయి, అవి తీసుకోవచ్చా?

---

లేత్_షెడ్డు

ఆ మెరిసేవి వద్దు. అవి బ్రైట్ బార్లు, చల్లగా లాగి తయారుచేసినవి. వాటిలో ముల్లు తటపటాయించే చోటు ఉండదు, మీ ప్రదర్శనలో అసలు చూడాల్సిందే పోతుంది. టీఎంటీ కడ్డీ కూడా వద్దు. నల్లటి పొలుసుతో ఉండే హాట్ రోల్డ్ ఎంఎస్ రౌండ్ (వేడిగా సాగదీసిన మెత్తని ఇనుప గుండ్రటి కడ్డీ) 10 మి.మీ. అడగండి.

18 ప్రదర్శనలకు 18 ముక్కలు, జారిపోయేవాటికి, తప్పిపోయేవాటికి ఇంకో నాలుగు, మొత్తం 22. ముక్క 250 మి.మీ., కోతకు 3 మి.మీ. వేసుకున్నా 5.6 మీటర్ల లోపే. ఆరు మీటర్ల కడ్డీ ఒక్కటి చాలు. అన్ని ముక్కలూ ఆ ఒక్క కడ్డీ నుంచే కోయండి, అప్పుడు ప్రతిసారీ దాదాపు అదే సంఖ్య దగ్గర లొంగుతుంది, చెప్పేవాళ్లకు ముందే తెలుస్తుంది. ప్రతి ముక్క మధ్యలో 50 మి.మీ. దూరంలో రెండు పంచ్ గుర్తులు పెట్టండి. తెగాక రెండు ముక్కలూ అతికించి కొలిస్తే 60 దాటి ఉంటుంది. ఆ స్కేలును చూసేవాళ్ల చేతికే ఇచ్చి కొలవమనండి. యంత్రం పట్టుకునే దవడలో (జాలో) మరీ అంచున పట్టిస్తే ముక్క జారుతుంది, రెండు చివర్లా కనీసం 60 మి.మీ. లోపలికి పోనివ్వండి. అంతకంటే ముఖ్యం, ఆ యంత్రం మీద ఎవరికైనా పరీక్ష నివేదికలు ఇస్తుంటే కాలిబ్రేషన్ ఎప్పుడు చేయించాలో చూసుకుని, వేడుక అయ్యాకే చేయించండి.